నెట్ లేని వైఫై

"రావయ్యా, రా. నీకంటే ముందు నీ గ్రీజు వాసన వచ్చి కూర్చుంది," అన్నారు మాస్టారు.

అల్లుడు గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆదివారమని సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుని మరీ వచ్చాడు.

"నా పుస్తకం చదివారా మామయ్యా?"

"చదివానని ఎలా అంటాను? భరించాను." మాస్టారు ఒళ్లో ఉన్న ఈ-రీడర్ అట్టను వేళ్లతో తట్టారు. "ఇది పుస్తకమా? మందుల చీటీ ఇంతకంటే నయం. వాక్యం మొదలుపెట్టినవాడికి ఎక్కడ ఆపాలో తెలియాలి కదా!"

ముప్పై నాలుగేళ్లు తెలుగు చెప్పి, హెడ్మాస్టరుగా రిటైరై, నాలుగేళ్లుగా కూతురి దగ్గర ఉంటున్నారాయన. ఇల్లు అల్లుడిదే అయినా మాట మాత్రం మాస్టారిదే. కూతురు ఈ మోటారు మెకానిక్కును చేసుకుంటానన్న రోజునే "వైర్లు చుట్టేవాడికి అక్షరాలతో పనేమిటి" అన్నారు. పదహారేళ్లయినా ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

ఇంట్లో అడుగుపెట్టిన రోజే ఒక హుకుం జారీ చేశారు: "ఆ ఇంటర్నెట్ బురద ఈ గడప దాటకూడదు."

అల్లుడు దాటనివ్వలేదు. వెనక షెడ్డులో పాత కంప్యూటరు ఒకటి, అటక మీద వైఫై డబ్బా ఒకటి పెట్టుకున్నాడు. ఆ డబ్బాకి బయటి లోకంతో సంబంధం లేదు. ఇంట్లో ఉన్నవి ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి మాత్రమే పనికొస్తుంది. షెడ్డులో ఒక నొక్కు నొక్కితే, హాల్లో ఉన్న ఈ-రీడర్‌లోకి తీగ లేకుండా పుస్తకం వచ్చి చేరుతుంది.

"నెట్ లేని వైఫై!" అని మాస్టారు ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పి నవ్వేవారు. "ఉత్తరాలు లేని పోస్టాఫీసు పెట్టాడు మా అల్లుడు. నాకేమో ఈ పలక ఒకటి ఇచ్చాడు, మళ్లీ ఒకటో తరగతిలో కూర్చోమని."

గురువారం పొద్దున ఆ డబ్బా గుండానే అల్లుడు తన పుస్తకం పంపాడు. ఇరవై రెండేళ్లుగా కాలిపోయిన మోటార్లు విప్పి, చుట్టి నేర్చుకున్నదంతా రెండేళ్లు కూర్చుని టైపు చేశాడు. ప్రెస్సాయన నాలుగు పేజీలు తిరగేసి, "విషయం బాగుంది, భాషకి పూచీ ఎవరు? మీ మామగారు సరే అంటే సోమవారం అచ్చుకెక్కిస్తా. లేదంటే తీసుకుపో," అన్నాడు.

ఆ రోజు పలక మాస్టారి చేతిలో పెడుతూ అల్లుడు జాగ్రత్తలు చెప్పాడు.

"ఛార్జింగ్ కొంచెమే ఉంది మామయ్యా. చదివేటప్పుడు పైన ఈ వైఫై బొమ్మ నొక్కి ఆపేయండి. లేకపోతే ఉన్న కాస్తా తాగేస్తుంది. అక్షరాలు పెద్దవి చేసి పెట్టనా?"

"నాకు అక్షరాలు దిద్దించేవాడివయ్యావా? అక్కడ పడేసి పో."

శుక్రవారం నాడు రెండు అధ్యాయాలు సరిచేసి మళ్లీ పంపబోతే, కంప్యూటరు 'పరికరం దొరకలేదు' అంది. శనివారం కూడా అదే మాట. మామయ్య వైఫై ఆపేసి మరీ శ్రద్ధగా చదువుతున్నారని అల్లుడు లోలోపల సంబరపడ్డాడు. షెడ్డులోంచి చూస్తే కిటికీ పక్క కుర్చీలో, ముఖానికి ఎదురుగా పలక పట్టుకుని మాస్టారు కనిపించేవారు. రోజూ రెండేసి గంటలు. మధ్యమధ్యలో ఒక మూతి విరుపు.

ఆ విరుపులు దేనికో ఇప్పుడు తెలిసింది.

"తప్పులు ఎక్కువున్నాయా?"

"తప్పు లేని చోటు ఎక్కడో చెప్పు, అక్కడ దండ వేద్దాం."

కూతురు టీ తెచ్చి స్టూలు మీద పెట్టింది. మాస్టారి చెయ్యి స్టూలు అటు చివరకి వెళ్లి, వెనక్కి వస్తూ కప్పుకి తగిలింది. టీ కాస్తా ఒలికింది.

"ఎన్నిసార్లు చెప్పాలమ్మాయ్, కప్పు కుడిపక్కనే పెట్టాలని! ఈ కొంపలో ఏ వస్తువుకీ ఒక చోటంటూ లేదు."

"పొద్దున్నే మీకు పేపరు మొత్తం చదివి వినిపించేసరికే నాకు తల తిరిగిపోతోంది నాన్నా. ఏ పక్క పెట్టానో చూసుకోలేదు."

"నాకోసం చదివిస్తున్నాననుకున్నావా? ఇతగాడి పక్కన ఉండి ఉండి నీ ఉచ్చారణ పాడైపోయింది. అందుకు."

కూతురు గుడ్డతో స్టూలు తుడిచింది. భర్త ముఖం చూసి గుడ్డ అక్కడే వదిలేసింది.

"అంత పుస్తకంలో ఒక్క మంచి ముక్కయినా లేదా నాన్నా?"

"ఎందుకు లేదూ? చివరి పేజీ ఉంది. అక్కడితో అయిపోతుంది కదా, అదొక్కటే హాయి."

అల్లుడు కాసేపు తన గోళ్ల వంక చూసుకున్నాడు. వాటిలో నలుపు ఏ సబ్బుకీ పోయేది కాదు.

"సరే మామయ్యా. మీరు ఇంతసేపు కూర్చుని చదవడమే ఎక్కువ. ప్రెస్సాయనకి వద్దని చెప్పేస్తాను," అని జేబులోంచి ఫోను తీశాడు.

"ఆగండి." కూతురు ఆ చెయ్యి పట్టుకుంది. పదహారేళ్లలో మొదటిసారి తండ్రికి ఎదురుగా వచ్చి నిలబడింది. "ఒక్క తప్పు చూపించండి నాన్నా. ఊరికే చెప్పడం కాదు, చూపించండి. చూపిస్తే నా చేత్తో నేనే చెరిపేస్తాను."

"ఒక్కటేం ఖర్మ!"

మాస్టారు విసురుగా అట్ట తెరిచి, పలకని వాళ్ల వైపు తిప్పి పట్టుకున్నారు. చూపుడు వేలు సరిగ్గా మధ్యలో ఆనించారు.

"ఇదిగో, ఈ వాక్యం. కర్త ఒక దారి, క్రియ ఇంకో దారి. కనబడుతోందా, లేక అది కూడా నేనే చదివి వినిపించాలా?"

ఇద్దరూ వంగి చూశారు.

తెర మీద ఖాళీ బ్యాటరీ బొమ్మ తప్ప ఒక్క అక్షరం లేదు.