రేపు కలుద్దాం

“ఈసారి కూడా తప్పావంటే నీ సీటు ఇంకొకళ్ళకి వెళ్ళిపోతుంది. నేనేం చెయ్యలేను,” అన్నాడు స్పానిష్ సారు, హెడ్‌ఫోన్స్ ఆ అమ్మాయి ముందుకు తోస్తూ.

కంగారు తలూపింది. క్లాసంతా కలిసి పెట్టిన పేరది, ఎంత నెమ్మదిగా ఉన్నా వదల్లేదు. బిజినెస్ స్పానిష్ రెండో ఏడాది నోటి పరీక్ష ఒకసారి పోయింది. ఇదే ఆఖరి ఛాన్సు. పాసైతే మాత్రం, కాలేజీకి ఈ లాంగ్వేజ్ ల్యాబు కట్టించిన కంపెనీలోనే ఉద్యోగం. ఇంటర్వ్యూ కూడా ఉండదు.

చెయ్యాల్సింది చాలా సింపుల్ అని సారు మళ్ళీ చెప్పాడు. ఫోన్లో అవతల ఒక పెద్దాయన ఉంటాడు. ప్లాస్టిక్ డబ్బాలు పోతపోసే మిషన్ మీద పని. ఆయన్ని కంపెనీ తీసేస్తోంది. ఆ సంగతి స్పానిష్‌లో మర్యాదగా, తికమక లేకుండా చెప్పి ఫోన్ పెట్టెయ్యాలి. జాలిపడితే మార్కులు కట్. సారీ చెప్తే ఇంకా కట్.

ఆ అమ్మాయి హెడ్‌ఫోన్స్ తగిలించుకుంది. బయట వరండాలో డిక్షనరీ చెప్పిన ధైర్యం కాస్త మిగిలుంది. డిక్షనరీ అంటే క్లాస్ ఫస్ట్, పొద్దున్నే పరీక్ష ముగించుకుని నూటికి నూరు కొట్టేసి వచ్చింది. “మరీ అంత వణక్కే. నాకు తగిలినాయనకైతే నటనే రాదు. విషయం చెప్పగానే ఒక్క ముక్క మాట్లాడకుండా పెట్టేశాడు. నా ముందు వెళ్ళినదానికి మాత్రం ఎవరో ఆవిడ తగిలిందంట, ఏడుపులో జీవించేసిందంట. ఈ నటుల్ని ఎక్కణ్ణుంచి పట్టుకొచ్చారోగానీ,” అంది నవ్వుతూ.

రింగ్ వెళ్ళింది. “అలో?” అంది ముసలి గొంతు. వెనకాల ఎక్కడో కుక్కర్ విజిల్. అబ్బో, సౌండ్లు కూడా పెట్టారే అనుకుంది కంగారు.

మొదట పలకరించింది. ఆరోగ్యం అడిగింది. కంపెనీ నుంచి మాట్లాడుతున్నానంది. అంతే, పెద్దాయన గొంతు పీలగా అయిపోయింది. మిషన్ ఆగిపోవడం తన తప్పు కాదన్నాడు. మొన్నటి నుంచి ఒక్కొక్కరికీ ఫోన్లు వస్తున్నాయని విన్నానన్నాడు. తన భార్యకి మందులు కంపెనీ ఆసుపత్రిలోనే ఇస్తారనీ, బయట కొనే తాహతు లేదనీ అన్నాడు. అన్నీ గబగబా, ఎక్కడ మధ్యలో ఆపేస్తుందోనని భయపడుతున్నట్టు. నిజంగా ఏం యాక్ట్ చేస్తున్నాడురా బాబూ అనుకుంటూనే ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. జాలిపడకూడదు, జాలిపడకూడదు.

ఆర్డర్లు తగ్గాయంది. ఇన్నాళ్ళు చేసిన పనికి కంపెనీ తరఫున థాంక్స్ చెప్పింది. ఇక మిగిలింది ఒక్క మాట.

ఆ మాట దగ్గరే నాలుక మడత పడింది. క్లాసులో సారు ఎన్నిసార్లు చెప్పాడో. దెస్పెదీర్ అంటే ఉద్యోగంలోంచి పీకెయ్యడం. దానికి చివర ఒక చిన్న తోక తగిలించి దెస్పెదీర్సె అంటే, సెలవు తీసుకోవడం. మనం చుట్టాన్నీ సాగనంపుతాం, గిట్టనివాణ్ణీ సాగనంపుతాం, ఇదీ అలాంటిదే, ‘నేను’ అన్నప్పుడు ఆ తోకే ‘మే’ అయి ముందుకొస్తుంది, తోక ఒక్కటి చూసుకోండి అనేవాడు. ఏది తోకది, ఏది కానిది? బుర్రలో తెలుగులో ‘ఇక సెలవు’ అని ఒకటే మోగుతోంది. ఎదురుగా సారు గడియారం చూస్తున్నాడు.

“మే దెస్పీదో దె ఉస్తెద్,” అనేసింది.

అవతల కుక్కర్ ఆగిపోయింది.

“సెలవు తీసుకుంటున్నారా?” అన్నాడు పెద్దాయన స్పానిష్‌లో, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ. “అంతేనా అమ్మా? అయితే... ఆస్తా మన్యానా?”

రేపు కలుద్దామా అని. రోజూ క్లాసు వదిలేటప్పుడు అందరూ కోరస్‌గా అరిచే మాట. కంగారు నోరు దానంతటదే తెరుచుకుంది.

“ఆస్తా మన్యానా!”

పెద్దాయన ఒక్కసారిగా ఏడ్చేశాడు. ఏడుస్తూనే నవ్వాడు. ఫోన్ పక్కకి పెట్టి లోపలెవరినో పిలిచాడు, ఏం లేదు, నన్ను తియ్యలేదు, రేపు రమ్మన్నారు అని కేకేశాడు. ఒక ఆడగొంతు దేవుడికి దండం పెట్టుకుంటోంది. లైన్ కట్టయింది.

కంగారు హెడ్‌ఫోన్స్ తీసేసింది. తన లైన్లోంచి అంతా వింటున్న సారు మొహం పాలిపోయి ఉంది. సెలవు తీసుకుంటానన్నావు, తీసేస్తున్నామని చెప్పలేదు అన్నాడు గొంతు తగ్గించి.

“సార్, ఒక్క తోకే కదా సార్. మిగతాదంతా కరెక్టుగానే చెప్పాను. ఆయన అంత బాగా యాక్ట్ చేస్తుంటే ఎవరికైనా కంగారు పుడుతుంది సార్,” అని బతిమాలింది.

సారు ఆ అమ్మాయి వైపు చూడలేదు. అదే నంబరుకి మళ్ళీ రింగ్ ఇచ్చి, హెడ్‌ఫోన్స్ ఆమె చేతిలో పెట్టాడు.

“ఈసారి సరిగ్గా చెప్పమ్మా... లేకపోతే పాపం ఆయన రేపు పొద్దున నిజంగానే డ్యూటీకి వచ్చేస్తాడు.”