ఒక్క చప్పట

చెల్లెలి భర్త సౌండ్ ఇంజనీరు గొంతు పట్టుకుని గోడకేసి కొట్టాడు.

“నీ చెల్లెలు స్నేహితురాలింట్లో ఉందని చెప్తే అర్థం కాదా? తనే వాయిస్ మెసేజ్ పెట్టింది కదా!”

“విన్నాను. మాటలకి ముందు ఒక చప్పట వినిపించింది, బావగారూ.”

“దోమని కొట్టుంటుంది.”

ఇంజనీరు పెదవి మీద నెత్తురు తుడుచుకున్నాడు. గోడలకు తగిలి తిరిగొచ్చే మోత ఏ గదిది ఆ గదిదే. చప్పట కొట్టి, ఆ మోతను రికార్డు చేసి, సినిమా మాటలకు అద్దే సాఫ్ట్‌వేర్ అతని బతుకుతెరువు. నిరుడు ఈ ఇంట్లో గది గదికీ తిరిగి, నవ్వుతూ చప్పట కొట్టిపెట్టింది చెల్లెలే.

“ఆ చప్పటనీ, నిరుటి రికార్డింగులనీ పక్కపక్కన పెట్టి చూశాను. అది మీ స్టోర్‌రూం మోత.”

భర్త ఇనుపకడ్డీ అందుకున్నాడు. మొదటి దెబ్బకు ఇంజనీరు భుజం విరిగినంత పనయింది. రెండో దెబ్బ పడేలోగా కడ్డీ లాక్కుని, వాడి మోకాలి మీద ఒక్కటిచ్చాడు. వాడు కూలిపోయాడు. అదే కడ్డీతో ఇంజనీరు స్టోర్‌రూం తాళం బద్దలుకొట్టాడు.

నేలమీద చెల్లెలు. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. మణికట్లకు తాడు.

“వచ్చావా అన్నయ్యా! నయం, రెండు చేతులూ కలిపి కట్టాడు,” అంది. “విడివిడిగా కట్టుంటే చప్పట ఎలా కొట్టేదాన్ని?”