గొట్టం ఎక్కే చేపలు

దొంగ పొద్దున్నే దొరికాడు.

నవంబరు వాన పడుతోంది. రోడ్డు కింద వాగు నీళ్లు పారే ఇనుప గొట్టం పక్కన, భుజాన తడి గోనెసంచితో ఒక ముసలాయన గట్టు ఎక్కుతున్నాడు. సంచి కొట్టుకుంటోంది.

"ఆగు పెద్దాయనా! సంచిలో ఏంటి?" అంది మార్గిట్. హెరాన్ వాగు సాల్మన్ చేపల సంరక్షణ సంఘానికి ఆవిడే అధ్యక్షురాలు.

"చేప."

"ఎంత నిబ్బరంగా చెప్తున్నావయ్యా! గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి వచ్చిన చేపని ఎత్తుకుపోతావా?"

"ఎత్తుకుపోవట్లేదమ్మా. పైకి మోస్తున్నా. గొట్టం అవతల వదిలేస్తా."

సంఘం తరఫున ఏటా చేపల్ని లెక్కపెట్టే హ్యూబర్ట్ పకపకా నవ్వాడు.

"మా చేపలకి పల్లకీ కావాలా? ఇరవై ఏడేళ్ల నుంచీ అవే ఎగిరి ఎక్కుతున్నాయి. ఇదిగో, చూడు!"

వానకోటు తెరిచి చొక్కా చూపించాడు. దాని మీద గొట్టంలోకి ఎగురుతున్న చేప బొమ్మ. ఆ ఊళ్లో అందరికీ అలాంటి చొక్కా ఒకటుంది.

"ఎక్కుతుంటే ఎప్పుడైనా చూశావా బాబూ?"

హ్యూబర్ట్ కాస్త తడబడ్డాడు.

"చూడ్డమెందుకు? ఏటా పైన అరవై, డెబ్భై లెక్కపెడుతున్నాగా! ఆకాశం నుంచి ఊడిపడ్డాయా?"

మార్గిట్ సంచి లాక్కుని, చేపను కింది మడుగులో వదిలేసింది.

"మళ్లీ ఇటు కనిపిస్తే పోలీసులకి అప్పజెప్తా."

"నేను రాకపోతే అవీ రావమ్మా."

"పైగా బెదిరింపు!"

ముసలాయన మడుగు వైపు రెండుసార్లు తిరిగి చూసి వెళ్లిపోయాడు. సంచిని సంఘం షెడ్డులో మేకుకు తగిలించి, కింద 'దొంగగారి సంచి' అని రాసి పెట్టారు. చలికాలమంతా నవ్వుకోవడానికి పనికొచ్చింది.

ఆ చలికాలంలోనే వాగు బాగుచేయడానికి వాంకూవర్ నగరం నుంచి డబ్బు సాయం మంజూరైంది. దరఖాస్తులో సంఘం రాసిన మొదటి మాట, 'మా చేపలకు గొట్టం అడ్డు కాదు' అని. అందుకే డబ్బంతా గొట్టానికి ఎగువన పెట్టారు. వేసవంతా ఊరు ఊరే దిగి, చేపలు గుడ్లు పెట్టడానికి కంకర పోసింది, నీడకు చెట్లు నాటింది. పైన చేపలు కనిపిస్తేనే రెండో ఏడాది సాయం. లేకపోతే పని అక్కడితో సరి.

మళ్లీ అక్టోబరు వచ్చింది. కింది మడుగు నిండా చేపలే.

పైన ఒక్కటి లేదు.

"నీళ్లు బాగున్నాయి, కంకర బాగుంది. వీటికేం మాయరోగం?" అంది మార్గిట్.

"కొత్త చెట్లు చూసి జడుసుకున్నాయేమో," అన్నాడు హ్యూబర్ట్.

"ఎలుగుబంటి తినేసిందేమో," అన్నారు ఇంకెవరో.

తలా ఒక మాట. ఏ మాటా అతకలేదు. నవంబరు వచ్చినా ఎవరికీ ఏమీ అర్థం కాలేదు.

సాయం ఇచ్చినవాళ్ల తరఫున టెస్సా అనే అమ్మాయి వచ్చింది. కొలకర్ర పట్టుకుని నేరుగా గొట్టం దగ్గరికి దిగింది.

"కింది నీటికీ గొట్టం మూతికీ మధ్య నాలుగున్నర అడుగుల ఎత్తు. ఈ రకం సాల్మన్లు అంత ఎత్తు ఎగరలేవండీ."

"ఇన్నేళ్లూ ఎగిరాయమ్మా!"

"గొట్టం వేసిన రోజు నుంచీ ఒక్కటి కూడా ఎగిరి ఉండదు."

"మరి పైకి ఎలా వచ్చాయి?"

"నాకూ అదే అర్థం కావట్లేదు. ఎవరైనా మోశారా?"

హ్యూబర్ట్ వానకోటు గుండీలు మెడదాకా పెట్టుకున్నాడు.

మార్గిట్ షెడ్డులోకి వెళ్లి, మేకు మీది సంచి తీసుకుంది.

వారం ఆరా తీస్తే, నలభై మైళ్ల అవతల ఆ ముసలాయన ఇల్లు దొరికింది. ఒక ముసలావిడ తలుపు తీసింది. సంచి చూడగానే గుర్తుపట్టింది.

"మాదే. ఎక్కడో పోయిందన్నారు."

"ఆయన ఉన్నారా అమ్మా? క్షమించమని అడగాలి."

"ఆర్విడ్ మార్చిలో పోయారు."

మార్గిట్ సిగ్గుతో తల వంచుకుని సంచి అందించింది. ముసలావిడ తీసుకోలేదు.

"మీ దగ్గరే ఉంచండి. ఈ నెలలో మీకే పని ఉంటుందిగా."

"ఆయన ఎందుకమ్మా మోసేవారు? మా వాగుతో ఆయనకేంటి?"

"నేనూ ఇన్నేళ్లు అడిగాను, చెప్పలేదు. పోయే ముందురోజు చెప్పారు. రోడ్డు వేసేటప్పుడు, క్రేనుతో ఆ గొట్టాన్ని అక్కడ దించింది ఆయనేనట."