బొరియకి మూత

చెరువు ఎండిపోయింది. పీత తవ్వుకున్న బొరియలో మాత్రం కాస్త తడి మిగిలింది. ఒక కప్ప వచ్చి అందులో దూరింది.

"ఇది నా కష్టం, బయటికి నడు" అంది పీత.

"బయటికి పోతే చస్తాను" అంది కప్ప.

రెండూ గుడ్లగూబ కోర్టుకి వెళ్లాయి. అది వచ్చే అమావాస్యకి వాయిదా వేసింది. అప్పటిదాకా ఆ తడి ఉండదు. అందుకని తాబేలు దగ్గరికి వచ్చాయి.

"తీర్పు నేను చెప్పను. పీతన్నా, కప్పమ్మ బాధేమిటో నువ్వు చెప్పు. పీతన్న బాధ కప్పమ్మ చెబుతుంది" అంది తాబేలు.

పీత కాసేపు గుడ్లు మిటకరించింది. "దాని ఒళ్లు ఎండిపోతోంది. వానలు పడేదాకా బురదలో పడుకోవాలి" అని గొణిగింది.

కప్ప ఆలోచించి చెప్పింది. "నేను పురుగుల కోసం మాటిమాటికీ బయటికొస్తూ దాని బొరియ మట్టిమూత తోసేస్తున్నాను. లోపలి తడి ఆరిపోతుందని దాని భయం. రోజూ అరుస్తుంటే ఊరికే తిడుతోందనుకున్నా."

"మరి నా అరుపులో అదొక్కటే వినబడలేదా నీకు?" అంది పీత.

"నువ్వు కొండీలాడిస్తుంటే ఏం వినబడుతుందన్నా?"

పీత కొండీలు దించింది. "సరే, అడుక్కి పోయి పడుకో. వాన పడేదాకా కదలకు. గురక పెట్టావంటే మాత్రం గిల్లుతాను."

కప్ప అడుక్కి దిగింది. పీత లోపలినుంచి తడిమట్టితో మూత వేసుకుంది.

తాబేలు తనకో తడి చోటు వెతుక్కుంటూ వెళ్లిపోయింది.