చేతులు మారిన గుమ్మడికాయ

“కంటికి కనపడని పురుగు కోసం కోత పండుగ డబ్బులడుగుతున్నావా అమ్మాయ్?”

సంఘపెద్ద సంజీవరావుగారు మైకు పక్కనే ఉండి అనడంతో ఆ మాట చర్చంతా వినపడింది. మగవాళ్ళ వైపు నుంచి నవ్వులు లేచాయి. హెప్సిబా చంకలోని పాపను సర్దుకుంది. గొంతు మాత్రం తగ్గించలేదు.

“పురుగు కోసం కాదు మావయ్యగారూ, దాన్ని పట్టుకోడానికి. మా పాపకి ఆస్పత్రిలోనే అంటుకుంది. నాలుగు మందులు మార్చినా లొంగలేదు. ఐదోది పనిచేసింది కాబట్టి ఇదిగో, ఇట్టా చంకలో ఉంది. రేపు ఇంకొకళ్ళ బిడ్డకి ఆ ఐదోదీ పనిచెయ్యకపోతే?”

ఆమె పక్కన నిలబడ్డ డాక్టర్ వినీల పొద్దున్నే విజయవాడ బస్సు దిగింది. మందులకు లొంగని క్రిములు ఆస్పత్రిలో ఒక మంచం నుంచి ఇంకో మంచానికి ఎలా చేరుతున్నాయో, వాటిని ఏ మందుతో ఆపాలో తేల్చే పరిశోధన ఆవిడది. కావలసిన డబ్బులో సగమే వచ్చింది. మిగతా సగం దొరక్కపోతే వచ్చే నెల ల్యాబుకు తాళమే.

“ఈ ఏటి కానుకల వేలం డబ్బు గుడి ముందు ఆర్చికని తీర్మానం చేసేశాం,” అన్నారు సంజీవరావుగారు. ఆయన ఒళ్ళో నెలన్నర మనవడు. పొద్దుట్నుంచీ ఎవరి చేతికీ ఇవ్వడం లేదు. వాడు ఏడుపు మొదలెడితే చాలు, చిటికెనవేలు నోటికందిస్తున్నారు. “అయినా ఒక మాటంటా. ఆ పాకడమేదో నా కళ్ళకి చూపించు. ఆర్చి మానేసి మొత్తం మీ ల్యాబుకే రాసేస్తా.”

“మాట మీదుంటారుగా?”

“సంఘం ముందు చెప్తన్నా కదే!”

“అయితే ముందు నా కానుక వేలం వేయించండి.”

హెప్సిబా పాపను డాక్టరుకిచ్చి, చెయ్యి గుడ్డలో చుట్టుకుని, సంచిలోంచి బూడిద గుమ్మడికాయను తొడిమ పట్టుకుని పైకి తీసింది. వేలం పాట నడిపించే సొలొమోను దాన్ని అందుకుని భుజం మీది తువ్వాలుతో తుడవబోయాడు.

“తుడవొద్దు బాబాయ్. బూడిదుంటేనే కాయకి అందం.”

“అందం సరేగానీ, వడియాల కాయకి ఇంత పౌడరేంటే! పెళ్ళికూతురా?”

ఆడవాళ్ళంతా గొల్లుమన్నారు. పాట మొదలైంది.

ఆ సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. పాడుకున్నవాళ్ళు డబ్బు కట్టి, కాయను కాసేపు ఎత్తుకుని, మళ్ళీ దేవుడికే ఇచ్చేస్తారు. మళ్ళీ పాట. కిరాణా కొట్టు కృపానందం వెయ్యికి పాడి, కాయను గుండెకు హత్తుకున్నాడు. “మా ఆవిడకంటే తేలిగ్గా ఉందయ్యా!” అంటూ తిరిగిచ్చేశాడు. పదిహేను వందలకు డేనియల్ మాస్టారు. రెండు వేలకు ఆడవాళ్ళ సమాజం తరఫున తెరేసమ్మ. అలా ఎనిమిది చేతులు మారింది. సంజీవరావుగారు కాయ జోలికి వెళ్ళలేదు. ఒక చేత్తో మనవణ్ని పట్టుకుని, రెండో చేత్తో నోట్లందుకుంటూ కూర్చున్నారు.

తెరేసమ్మ వచ్చి పాప బుగ్గ పట్టుకోబోయింది. హెప్సిబా అడ్డంగా నిలబడింది.

“చేతులు కడుక్కుని రా పిన్నీ.”

“ఇదిగో, మళ్ళీ మొదలెట్టింది! నీ ఒక్కదానికే ఉందేంటే పిల్ల!”

పాట ముగిసింది. “ఏదమ్మా నీ పురుగు?” అన్నారు సంజీవరావుగారు.

“తలుపులూ కిటికీలూ వేయించండి. ఆ లైటొకసారి ఇవ్వండి.”

నోట్లన్నీ లెక్కపెట్టాక దొంగనోట్లు ఏరడానికి తెచ్చిన నీలం లైటది. గుడిలో చీకటి చేశారు. హెప్సిబా లైటు వేసింది. గుమ్మడికాయ మిణుగురుల గుట్టలా వెలిగింది. లైటు తిప్పింది. కృపానందం చొక్కా వెలిగింది. అతని మీసం వెలిగింది. డేనియల్ మాస్టారి పాటల పుస్తకం, తెరేసమ్మ కొంగు, సొలొమోను మైకు. కాయను అసలు తాకని వాళ్ళ కుర్చీల మీద కూడా వేలిముద్రలు మెరిశాయి.

“వామ్మో!” అన్నారెవరో.

“భయపడకండి,” అంది వినీల. “కాయకున్న బూడిదలో కలిపి మా పొడి పూశాం. నర్సులకి చేతులు కడగడం నేర్పేటప్పుడు వాడతాం. నోట్లోకెళ్ళినా ఏమీ చెయ్యదు, సబ్బుతో పోతుంది. క్రిములూ అచ్చం ఇలాగే చేతులు మారతాయండీ. కాకపోతే అవి మెరవవు.”

సంజీవరావుగారు పకపకా నవ్వారు. “తెలివైనదానివే! కాయని పట్టుకున్నోళ్ళకి అంటింది. వాళ్ళు వీళ్ళని ముట్టుకున్నారు. నేను దాని దరిదాపులకెళ్ళానా? ఇదిగో, చూసుకో!” అంటూ కుడిచెయ్యి చాపారు.

ఐదు వేళ్ళూ నీలంగా వెలిగాయి.

“నోట్లు మావయ్యగారూ,” అంది హెప్సిబా మెల్లిగా.

ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నారు. “అంటితే అంటింది! పొడి చూపించి పురుగంటే ఒప్పుకుంటామా? ఆర్చి ఆర్చే. ఇంక తలుపులు తియ్యండి.”

హెప్సిబా ఒక అడుగు ముందుకేసింది. లైటు వెలుగును ఆయన ఒళ్ళోకి దించింది.

తాత వేలు కోసం వెతుక్కుంటూ చప్పరిస్తున్న పసివాడి పెదాలు, చీకట్లో నీలంగా మెరుస్తున్నాయి.