హనుమక్క చేతి వంట

“మాకు సైన్సంతా అక్కర్లేదు డాక్టర్‌గారూ. అంటుకుంటుందా, అంటుకోదా? అదొక్కటి చెప్పండి చాలు,” అన్నారు భుజంగరావుగారు.

బెంగళూరు బెళ్ళందూరులోని ఆ అపార్ట్‌మెంటుకు ఆయన సెక్రటరీ. ఆదివారం మీటింగుకు క్లబ్‌హౌసు నిండిపోయింది. వంటమనిషి హనుమక్క మాత్రం గుమ్మం అవతలే నిలబడి, రెండు చేతులూ కొంగులో దాచుకుంది. నెల తిరక్కుండానే ఆమె వండే ఇళ్లన్నీ ఒకటొకటిగా ‘రేపటి నుంచి రావద్దు’ అన్నాయి. ఇవాళ వీళ్లు ఒప్పుకోకపోతే ఈ గేటు లోపల ఆమెకు పని లేనట్టే.

ఆమెను అలా దొంగలా నిలబెట్టడం చూసి డాక్టర్ అభిజిత్‌కు తల కొట్టేసినట్టయింది. ఇన్నాళ్లూ తను కాపురముంటున్నది ఈ మనుషుల మధ్యేనా అని సిగ్గేసింది.

చర్మానికి వచ్చే క్యాన్సర్ల మీద, లింఫోమాల మీద పరిశోధన అతని పని. హనుమక్క ముంజేతుల మీది ఎర్రమచ్చలు చూసి, ఆమె వెళ్లి చూపించుకున్న ప్రతి డాక్టరూ తామర అని ఏళ్ల తరబడి పూతమందులే రాశాడు. అభిజిత్ చిన్న ముక్క తీసి పరీక్ష చేయించి, అది చర్మపు లింఫోమా అని తేల్చాడు. మచ్చల మీద ప్రత్యేకమైన కాంతి పట్టే లైటు చికిత్స మొదలుపెట్టించాడు. సబ్బునీళ్లు తగిలితే మచ్చలు మండుతాయని, తన ఇంట్లో ఆమె చేసే గిన్నెల పని ఆ రోజే మాన్పించి, జీతం మాత్రం గుట్టుగా చేతిలో పెడుతున్నాడు. జబ్బు సంగతి ఎవరికీ చెప్పొద్దని ఆమె బతిమాలితే పొరుగువాళ్లతో పెదవి విప్పలేదు.

తీరా మచ్చలు తగ్గుముఖం పట్టాక ఈ గోల మొదలైంది. నిన్న ఆమే వచ్చి, “చెప్పేయప్పా, ఇంక దాచి ఏం లాభం? మా పొయ్యిలో పిల్లి లేసేట్టు లేదు,” అంది.

అభిజిత్ లేచాడు.

“అంటుకోదు. రక్తంలోని తెల్లకణాలు కొన్ని చెడి చర్మంలో చేరితే వచ్చే జబ్బు ఇది. ముట్టుకుంటే రాదు. ఆమె వండింది తింటే రాదు. ఒకే కంచంలో తిన్నా రాదు.”

“అచ్చం తామరలాగే ఉందే!” అన్నారెవరో వెనక నుంచి.

“అందుకే డాక్టర్లూ పొరబడ్డారు. కానీ వాళ్లెవరూ ఆమె పొట్ట కొట్టలేదు.”

“మేము మాత్రం ఊరికే మాన్పించామా అండీ? మాకంటే తెలిసినవాళ్లు...” అని ఒకావిడ ఏదో చెప్పబోయి, అభిజిత్ చూపు తగలగానే ఆగిపోయింది.

ఎవరూ తలెత్తలేదు. భుజంగరావుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

“తప్పయిపోయింది. హనుమక్కా, రేపు మా ఇంటికి వచ్చెయ్.”

“మా ఇంటికీ,” అన్నారు ఇంకొకరు.

అక్కడితో ఆగితే సరిపోయేది. కానీ తలలు దించుకున్న వాళ్లను చూస్తుంటే అభిజిత్‌కు ఇంకో నాలుగు తగిలించాలనిపించింది.

“ఇంతకీ దీన్ని మొదలెట్టిందెవరు?”

“ఇప్పుడవన్నీ ఎందుకు లెండి.”

“ఎందుకేమిటండీ! చదువుకున్న వాళ్లం, సిగ్గుండాలి. ఆ మహానుభావులెవరో ఇక్కడే, అందరి ముందూ ఆమెకు క్షమాపణ చెప్పాలి.”

గుమ్మం దగ్గర హనుమక్క కంగారుపడింది. “ఒద్దప్పా! ఆ మాట అడగొద్దు. నాకు మళ్లా పని ఉండాది, అంతే సాలు.”

“నువ్వు భయపడకు హనుమక్కా, నేనున్నాను,” అని అభిజిత్ సెక్రటరీ వైపు తిరిగాడు. “చెప్పండి సార్. అందరికంటే ముందు ఈమెను మాన్పించిన ఇల్లు ఏది? ఏ ఇంటిని చూసి మిగతా వాళ్లంతా భయపడ్డారు?”

భుజంగరావుగారు నేలచూపులు చూస్తూ మెల్లగా అన్నారు.

“మీ ఇల్లే డాక్టర్‌గారూ.”