మిరపపువ్వు మీద కామెంట్లు

“ఈ రచయితకి మన పల్లెలు తెలియవు. ఫుల్‌స్టాప్. పదహారేళ్ల ఆడపిల్ల తండ్రితో ‘నువ్వు చెప్పింది తప్పు నాన్నా’ అనదు. ఫుల్‌స్టాప్!”

రామమూర్తి మాస్టారు ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని అరుస్తున్నారు. ఆయనకి టైపింగ్ రాదు. మైకు గుర్తు నొక్కి చెబితే ఫోనే రాసుకుంటుంది. అద్దంకిలో ఆ వీధి సగం వరకు వినిపిస్తున్నా, ఆయన లెక్కలో అది పరమ రహస్యం. ఎందుకంటే కామెంట్ పడేది ‘కుమారి సాహితి’ అనే పేరు మీద.

వరండా చివర ఎండుమిరపకాయల కుప్ప ముందు ఆయన భార్య జ్ఞానప్రసూనాంబ, మనవరాలు మహతి, దాని ఫ్రెండ్ తేజశ్రీ తొడిమలు తీస్తున్నారు. ఏడాది కారానికి కాయలు తేజశ్రీ వాళ్ల చేలోవే. పిల్లలిద్దరూ పదో తరగతి.

“అయితే ఆ పిల్ల ఏమందే?” అంటోంది ప్రసూనాంబ.

“కోతకి రానని వాళ్ల నాన్నకి మొహం మీదే చెప్పేసింది మామ్మగారూ! చేతులు మండుతుంటే పరీక్షెలా రాయాలి అంది,” అని తేజశ్రీ.

మాస్టారికి ఒళ్లు మండింది. అదే పిల్ల, అదే కథ! కథల యాప్‌లో ‘మిరపపువ్వు’ అనే మారుపేరుతో ఎవరో రాస్తున్న సీరియల్. అందులో హీరోయిన్ గౌరి. పదో తరగతి అమ్మాయిలందరూ గౌరిలాగే వేలికి పాత గుడ్డపీలిక చుట్టుకుని తిరుగుతున్నారు. గౌరి వాళ్ల బడిలో ఆడపిల్లల బాత్రూమ్ తలుపుకి గడియ అడిగిందని, వీళ్లూ వెళ్లి హెడ్‌మాస్టర్ని అడిగారు. మర్నాటికల్లా గడియ వచ్చింది!

మాస్టారు పిల్లల కోసం పదకొండు నవలలు రాశారు. వాటిలో పిల్లలు తెల్లారుజామున నాలుగింటికి లేచి, తల్లిదండ్రులకి నమస్కరించి, క్లాసులో ఫస్టొస్తారు. నలభై ఏళ్లలో అవి చదివి ఒక్కడు కూడా నాలుగింటికి లేచినట్టు కబురు లేదు.

“మహతీ, నిజం చెప్పు. ఆ మిరపపువ్వు నువ్వేనా? ఎప్పుడూ ఫోన్లో టకటకలాడిస్తుంటావ్!”

“అయ్యో తాతయ్యా! నాకంత ఓపికుంటే తెలుగు అసైన్‌మెంట్ మీ చేత ఎందుకు రాయిస్తాను?”

“మరెవడు వాడు? హైదరాబాద్‌లో ఏసీ గదిలో కూర్చున్న కుర్రకుంక! మీ వయసు పిల్లలు పెద్దవాళ్లకి ఎదురు చెబుతారా?”

“చెబుతాం తాతయ్యా. మీకు వినపడదు.”

తేజశ్రీ కిసుక్కున నవ్వింది. ప్రసూనాంబ చేతులు కడుక్కుని లోపలికి వెళ్లి కాఫీ తెచ్చింది. మాస్టారు ఓ గుక్క తాగి మొహం చిట్లించారు.

“పంచదార ఏదీ?”

“మర్చిపోయానండీ. వయసు మీద పడుతోందిగా.”

“నిన్న కూడా మర్చిపోయావ్!”

“నిన్న కూడా వయసు మీద పడిందండీ.”

ఆవిడ మీద ఆయనకి కోపం నిలవదు. పదకొండు నవలలకీ శుభ్రప్రతి రాసిపెట్టింది ఆవిడే. ఆ మాట ఎవరైనా ఎత్తితే “అక్షరం గుండ్రంగా ఉంటుంది, అంతే” అంటారు ఆయన.

అసలు దెబ్బ సోమవారం తగిలింది. బడి వార్షికోత్సవానికి పదేళ్లుగా ముఖ్య అతిథి ఆయనే. శాలువా ఆయనకే. బీరువాలో పది శాలువాలున్నాయి. ఈసారి పిల్లలంతా కలిసి మిరపపువ్వుని పిలుద్దామన్నారట. అందరూ సంతకాలు పెట్టి హెడ్‌మాస్టర్‌కి కాగితమిచ్చి, యాప్‌లో మెసేజ్ కూడా పెట్టేశారట.

“నువ్వూ సంతకం పెట్టావా?”

మహతి తల దించుకుంది. “సారీ తాతయ్యా.”

ఆ సాయంత్రం కుమారి సాహితి రెచ్చిపోయింది. “ఈ చెత్త రాతలు మానుకోండి! ఆశ్చర్యార్థకం! మీకు చేతనైన పని చూసుకోండి! ఆశ్చర్యార్థకం!”

నిమిషాల్లో జవాబొచ్చింది. “మీ సలహాకి ధన్యవాదాలు.” అంతే, పల్లెత్తు మాట లేదు. ఆ మర్యాద చూసి ఆయనకి ఇంకా మండింది. వెనకాలే కాఫీ వచ్చింది. అందులోనూ పంచదార లేదు.

గురువారం బడి నుంచి వస్తూనే మహతి ఫోన్ ఆయన మొహం ముందు పెట్టింది. “చదవండి!”

‘నాకు స్టేజి ఎక్కాలంటే కాళ్లు వణుకుతాయమ్మా. మీ అద్దంకిలోనే రామమూర్తి గారున్నారుగా. పిల్లలకి కథలు రాయాలని నాకు తోచిందే ఆయన్ని చూసి. శాలువా ఆయనకే కప్పండి.’

మాస్టారు కళ్లజోడు తీసి తుడిచారు. మళ్లీ చదివారు. మళ్లీ తుడిచారు.

“హెడ్‌మాస్టర్ గారు రేపొచ్చి మిమ్మల్ని పిలుస్తారట,” అంది మహతి.

మాస్టారు కళ్లజోడు పెట్టుకున్నారు. తన ఫోన్ తీసి, గౌరి కథ మొదటి భాగం నుంచి మొదలుపెట్టారు. ఇన్నాళ్లూ తప్పులు వెతకడానికే చూశారు గానీ చదవలేదు. పదిహేడో భాగంలో మండే చేతుల్ని మజ్జిగలో ముంచుకుని గౌరి లెక్కలు చేస్తుంది. ఫోన్లో మాట్లాడుతున్న వాళ్ల నాన్న దూరం నుంచి చూసి, గొంతు తగ్గించుకుని పక్క గదిలోకి వెళ్లిపోతాడు. అక్కడ మాస్టారికి అక్షరాలు అలుక్కుపోయాయి.

ఇలాంటి పిల్లలకి ముప్పై ఏళ్లు పాఠం చెప్పారు. ఒక్కళ్లనీ ఇలా చూడలేదు.

మొదటిసారి ఆయన మైకు దగ్గర గుసగుసలాడారు. “మీ గౌరి నిజమైన పిల్ల. నాకు అసూయ పుట్టింది. క్షమించండి.”

కామెంట్ పడింది. కుమారి సాహితి పేరుతోనే.

కాసేపటికి ప్రసూనాంబ కాఫీ తెచ్చి స్టూలు మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. ఆయన గ్లాసు అందుకోబోతుంటే ఫోన్ టింగుమంది. మిరపపువ్వు జవాబిచ్చింది.

‘కుమారి సాహితి గారూ, ఈసారి కాఫీలో పంచదార వేశాను.’